‘తప్పకుండా’ అనలేని డాక్టరు

ఆ నర్సింగ్ హోములో ఆయన్ని అందరూ ‘వెళ్ళబోయే డాక్టరుగారు’ అంటారు. పేషెంట్లు ఎదురుగానే మర్యాదగా అంటారు, నర్సులు ఆయన అటు తిరిగాక అంటారు. ఆయన మాత్రం పొద్దున్నే గడ్డం గీసుకుంటూ అద్దంలో మనిషిని నిలదీస్తాడు. "ఏమోయ్ వెళ్ళబోయే డాక్టరూ, ఇవాళైనా వెళ్తున్నావా, లేక మళ్ళీ డ్యూటీకేనా?" జవాబు కూడా ఆయనే చెప్పుకోవాలి. డ్యూటీకే.

వెళ్ళాల్సింది సముద్రాల అవతల ఒక పెద్దాసుపత్రికి, ఊపిరితిత్తుల జబ్బుల్లో శిక్షణకి. తల మీద జుట్టు పలచబడే వయసులో, తనని ‘అంకుల్’ అని పిలిచే పిల్లకాయల పక్కన కూర్చుని పరీక్షలు రాశాడు. పాసయ్యాడు. ఆసుపత్రివాళ్ళు పిలిచి సీటిచ్చారు. ఏనుగంతా గుమ్మం దాటింది, తోక దగ్గర ఆగింది. ఆ తోక పేరు వీసా. వచ్చే నెల ఒకటో తారీఖుకి చేరకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. పైగా రాసిన పరీక్షల చెల్లుబాటు కూడా ఈ ఏడాదితోనే సరి. ఇప్పుడు కాకపోతే మళ్ళీ అ ఆల దగ్గర్నుంచి మొదలెట్టాలి. ఆ ఓపిక తనకి లేదని ఆయనకి తెలుసు, భార్యకి తెలుసు, అందరికన్నా ముందు అత్తగారికి తెలుసు.

వెళ్ళబోయేవాడి కాపురం ఎలా ఉంటుందో చూడాలంటే వాళ్ళింటికి వెళ్ళాలి. కింద టైలరు కొట్టు, పైన రెండు గదులు. పొద్దస్తమానం కుట్టుమిషన్ల చప్పుడు. భార్య బళ్ళో డ్రాయింగు టీచరు. ఊళ్ళో పిల్లలందరిచేతా బొమ్మలు వేయించే ఆ ఇల్లాలు సొంతింటి గోడకి ఒక్క బొమ్మ తగిలించుకోలేదు. "వెళ్ళిపోయేవాళ్ళం, గోడకి మేకులెందుకు?" అంటాడు ఈ మహానుభావుడు. కిటికీలకి పరదాలు లేవు, వెళ్ళిపోయేవాళ్ళం కదా. హాలు మధ్యలో రెండు పెద్ద సూట్‌కేసులు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. అత్తగారు వాటి మీద ఉతికిన బట్టలు మడతపెడుతుంది, ఆయన వాటి మీదే కాఫీ గ్లాసు పెడతాడు. పర్మనెంటు ఉద్యోగం తీసుకోవయ్యా అని నర్సింగ్ హోము ఓనరైన పెద్ద డాక్టరుగారు అడిగితే, "వెళ్ళిపోయేవాణ్ణి కదండీ" అని వద్దన్నాడు. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత తనకోసమే పుట్టిందని ఆయనకి ఎప్పుడో అర్థమైంది.

సీటు వచ్చిందని తెలియగానే వార్డువాళ్ళంతా కలిసి వీడ్కోలు సభ పెట్టారు. ఈయన గొంతు బొంగురుపోయేలా ఉపన్యాసమిచ్చాడు. "మిమ్మల్ని ఎన్నటికీ మరవను" అన్నాడు. హెడ్ సిస్టర్ కళ్ళు తుడుచుకుంది. ఆ శుక్రవారమే వీసా ఇంటర్వ్యూ. సోమవారం పొద్దున్న మళ్ళీ డ్యూటీ. నర్సుల గదిలో ఆయనకిచ్చిన పూలగుత్తి ఇంకా వాడను కూడా లేదు. "మరవను అంటే ఇంతలా అనుకోలేదు సార్" అంది హెడ్ సిస్టర్.

ఆ శుక్రవారం జరిగిందేమిటంటే, గాజుపలక అవతల కూర్చున్న ఆఫీసరు మంచివాడే. ఏం చదివారు, ఎక్కడ పని చేశారు అని అడిగాడు, ఈయన టకటకా చెప్పాడు. ఆఖర్న అసలు ప్రశ్న వచ్చింది. అది శిక్షణకని ఇచ్చే వీసా. నేర్చుకున్నాక వెనక్కి పోతాడని నమ్మకం కుదిరితేనే ఇస్తారు.

"శిక్షణ అయిపోయాక మీ దేశానికి తిరిగి వెళ్తారా?"

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. డాక్టర్లకి ఏ పుస్తకంలోనూ లేని పాఠం ఒకటుంది. మొదటి డ్యూటీనాడే సీనియర్లు చెవిలో ఊదేస్తారు: బంధువులకి గ్యారంటీ ఇవ్వకు. బాగవుతుందా అంటే చూద్దాం అను. ఇంటికెప్పుడు పంపుతారంటే ఇప్పుడే చెప్పలేం అను. ఏళ్ళ తరబడి వార్డు వరండాలో ఇదే పాట పాడిన నోరు కదా, మనిషితో పనిలేకుండా దానంతటదే అందుకుంది.

"చాలామంది వెళ్తారండీ. అయితే ఇప్పుడే ఏమీ చెప్పలేం. పరిస్థితిని బట్టి చూడాలి."

ఆఫీసరు రాస్తున్న చెయ్యి ఆగింది. "నేను మీ సంగతి అడుగుతున్నాను."

"నా సంగతైనా అంతేనండీ. మన ప్రయత్నం మనం చేస్తాం" అని ఈ ఘనుడు చూపుడువేలు పైకెత్తి ఆకాశం కూడా చూపించాడు.

వీసా ఇవ్వలేదు. ఎందుకిస్తారు!

ఇంటికొచ్చి జరిగింది చెప్తే భార్య నెత్తి పట్టుకుంది. అత్తగారు మాత్రం మడతపెడుతున్న దుప్పటి పక్కన పెట్టి మరీ విన్నది.

"అదేమిటి అల్లుడుగారూ! ఆయన అడిగింది మీరు తిరిగొస్తారా అని. మీ పేషెంటు బతుకుతాడా అని కాదు కదా!"

"నోటికి అలవాటైపోయిందండీ."

"ఇవాళ కొత్తా? పెళ్ళికి ముందు మా అమ్మాయి నచ్చిందా బాబూ అని అడిగితే, ‘ప్రస్తుతానికి బాగానే ఉంది’ అన్నారు. ఆ రోజే అనుకున్నాను."

మళ్ళీ దరఖాస్తు పెట్టుకుంటే ఒకటో తారీఖుకి కాస్త ముందు ఇంకొక్క ఇంటర్వ్యూ దొరికింది. అదే ఆఖరుది. దాంతో ఇంట్లో శిక్షణ మొదలైంది. వంటింటికీ హాలుకీ మధ్య ఉన్న కిటికీ ఆఫీసు కౌంటరయింది. అవతల భార్య, చేతిలో గరిటె. ఇవతల ఈయన, చేతులు కట్టుకుని.

"తిరిగి వెళ్తారా?"

"తప్పకుండా తిరిగి వెళ్తాను. అయితే..."

ఠంగుమని కిటికీ ఊచ మీద గరిటె దెబ్బ. "అయితే వద్దు! అయితే అంటే మనం అయిపోయినట్టే! మళ్ళీ."

"తప్పకుండా తిరిగి వెళ్తాను. దాదాపుగా."

ఠంగ్!

"కళ్ళలోకి చూడండి. వేలెత్తకండి. ఒక్కసారి తలూపి, నోరు మూసెయ్యండి."

తప్పకుండా అన్న నాలుగక్షరాలు ఆయన గొంతులో చేపముల్లులా అడ్డం తిరిగేవి. స్నానం చేస్తూ అన్నాడు, మెట్లు దిగుతూ అన్నాడు. "ఏంటి సార్, పొద్దున్నుంచీ తప్పకుండా తప్పకుండా అని ఎవరికి మాటిస్తున్నారు? మేడమ్‌గారికి కోపమొచ్చిందా?" అని కింద టైలరు పైకొచ్చి మరీ పరామర్శించాడు. ఎట్టకేలకు ఇంటర్వ్యూకి రెండు రోజుల ముందు మాట పట్టుబడింది. ఎవరు ఎటునుంచి ఎలా అడిగినా, నడుము నిటారుగా నిలబెట్టి, కళ్ళలోకి చూసి, ఒక్క తల ఊపుతో ‘తప్పకుండా’ అనేస్తున్నాడు. భార్య గరిటె దించింది. అత్తగారు కూడా పాసు మార్కులు వేసింది.

కొంప మునిగింది అక్కడే.

ఆ సాయంత్రం వార్డులో ఒక పంపుల మెకానిక్కు ఉన్నాడు. రెండు ఊపిరితిత్తులకీ న్యుమోనియా, ముఖానికి ఆక్సిజన్ మాస్కు, మాట మాటకీ ఆయాసం. అతని భార్య వరండాలో బెంచీ మీద కూర్చుని, తెల్లకోటు కనబడితే చాలు లేచి నిలబడుతోంది. వెళ్ళబోయే డాక్టరుగారు లోలోపలే పాఠం గొణుక్కుంటూ రౌండ్సు ముగించుకుని వస్తున్నాడు. ఆవిడ అడ్డమొచ్చింది.

"డాక్టరుగారూ, మా ఆయన ఇంటికి తిరిగి వస్తాడా?"

తిరిగి అన్న మాట చెవిన పడిందో లేదో, ఈయన నడుము నిటారుగా లేచింది. ఆవిడ కళ్ళలోకి చూశాడు. ఒక్కసారి తలూపాడు.

"తప్పకుండా తిరిగి వస్తాడు."

వెనకాల హెడ్ సిస్టర్ చేతిలో ట్రే కిందపడింది. మెకానిక్కు భార్య మటుకు ఆయన రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. అప్పటికప్పుడు చుట్టాలందరికీ ఫోన్లు చేసి, "డాక్టరుగారు మాటిచ్చారు" అని చెప్పేసింది.

"ఒంట్లో బాగుందా సార్?" అని అడిగింది హెడ్ సిస్టర్.

పెద్ద డాక్టరుగారికి సంగతి తెలిసి గదిలోకి పిలిచాడు. "ఏమయ్యా, ఇన్నేళ్ళ ప్రాక్టీసులో జలుబుకి కూడా నేను తప్పకుండా అనలేదు. నీకేం పోయేకాలం?"

"వీసా కోసం ప్రాక్టీసు చేశాను సార్, అలవాటులో..."

"నువ్వు అక్కడ అనాల్సింది ఇక్కడంటావు, ఇక్కడ అనాల్సింది అక్కడంటావు. నిన్ను ఏ దేశమని భరిస్తుందయ్యా!"

మర్నాటికి మెకానిక్కు పరిస్థితి దిగజారింది. జ్వరం దిగలేదు, ఆక్సిజన్ ఎంత పెంచినా ఆయాసం తగ్గలేదు. ఇంకొక మనిషైతే డాక్టరు కాలరు పట్టుకునేది. ఆవిడ ప్రశాంతంగా ఉంది. ఇంటికి వెళ్ళి భర్త చొక్కా ఇస్త్రీ చేయించి తెచ్చింది, చెప్పులు తుడిచి మంచం కింద పెట్టింది. ఇంటికెళ్ళేటప్పుడు వేసుకోవాలి కదా అంది. ఈయన ఆ చొక్కా చూశాడు. మాట వెనక్కి తీసుకుందామని నోరు తెరిచాడు.

"చూడమ్మా, నిన్న నేనన్న మాట..."

"ఆ మాట మీదే నిన్న అన్నం తిన్నాను డాక్టరుగారూ" అంది ఆవిడ. "మూడు రోజులైంది అప్పటికి తిని."

తనని తాను తిట్టుకోవడంలో ఈ డాక్టరుగారిని మించినవాడు లేడు గానీ, ఆ పూట తిట్లు కూడా దొరకలేదు. భయమేసింది, అంతే. మందులు మార్చాడు. ఊపిరి కాస్త బాగా ఆడుతుందని మనిషిని బోర్లా తిప్పి పడుకోబెట్టించాడు. డ్యూటీ అయిపోయినా ఇంటికి పోకుండా ఆ మంచం పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాడు. తెల్లవారాక హెడ్ సిస్టరుకి వందసార్లు జాగ్రత్తలు చెప్పి, అక్కణ్ణుంచే ముఖం కడుక్కుని ఇంటర్వ్యూకి వెళ్ళాడు.

ఫోను గేటు దగ్గర సెక్యూరిటీ అతనికి ఇచ్చేయాలి. ఇచ్చేసి లోపలికి వెళ్ళాడు. ఈసారి గాజుపలక వెనక ఒకావిడ ఉంది. చదువూ అనుభవమూ అయ్యాయి. అసలు ప్రశ్న వచ్చింది.

"తిరిగి వెళ్తారా డాక్టర్?"

నడుము నిటారుగా లేచింది. కళ్ళలోకి చూశాడు. తల కూడా ఊగింది. మాట మాత్రం రాలేదు. ఆ మాట ఎంత బరువో రెండు రోజులుగా మోస్తున్నాడు. అది విని ఒక మనిషి అన్నం తిన్నది.

"తిరిగి వెళ్ళాలనే ఉందండీ, మనస్ఫూర్తిగా" అన్నాడు చివరికి. "కానీ మొన్న ఒకావిడకి తప్పకుండా అని మాటిచ్చాను. వాళ్ళాయన ఇప్పుడు చావుబతుకుల్లో ఉన్నాడు. నా చేతిలో లేనిదానికి మళ్ళీ ఆ మాట అనలేను."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకుంది. "నిజం చెప్పినందుకు సంతోషం. కానీ మీరే నమ్మకంగా చెప్పలేనిదాన్ని నేను నమ్మి వీసా ఇవ్వలేను" అని పాస్‌పోర్టు పలక కిందనుంచి తోసింది. గొంతులో కోపం లేదు. కోపమున్నా బాగుండేదనిపించింది ఆయనకి.

బయటికొచ్చి ఫోను తీసుకుని ముందు వార్డుకి చేశాడు.

"సార్! ఆక్సిజన్ తగ్గించాం" హెడ్ సిస్టర్ అరిచినట్టే చెప్పింది. "జ్వరం దిగింది. దిండు ఆనుకుని కూర్చుని కాఫీ అడుగుతున్నాడు. ఇంకో నాలుగు రోజులుండాలమ్మా అంటే వినకుండా ఆవిడ అప్పుడే చొక్కా తొడిగేసింది."

ఈయన పట్టరాని సంతోషంతో పక్కనున్న సెక్యూరిటీ అతని భుజం పట్టుకుని ఊపేశాడు. "కాఫీ అడిగాట్టయ్యా!"

"ఇప్పిద్దామా సార్?" అన్నాడు అతను పాపం, ఏం తోచక.

ఫోను మోగింది. భార్య.

"ఏమైందండీ?"

"బతికాడు! మన మెకానిక్కు. లేచి కూర్చున్నాడు."

"అమ్మయ్య" అంది ఆమె. నిజంగానే ఊపిరి పీల్చుకుంది. నిన్న ఫోనులో విన్నప్పటినుంచీ ఆమె కూడా ఆ చొక్కా గురించే ఆలోచిస్తోంది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "మరి మన సంగతి?"

"నువ్వు ముందు కూర్చో" అన్నాడు. "పక్కన ఎవరున్నారు?"

నిలబడ్డవాళ్ళకి చేదు వార్త చెప్పకూడదు, ఒంటరిగా ఉన్నవాళ్ళకి అసలే చెప్పకూడదు. వార్డులో ఆయన పద్ధతి అది. డాక్టరుతో కాపురం చేసిన మనిషికి ఆ రెండు ముక్కలు చాలు. కుర్చీ లాగిన చప్పుడు వినిపించింది.

"కూర్చున్నాను. అమ్మ పక్కనే ఉంది. చెప్పండి."

ఎంతమందికో చెప్పిన నోరు అది. ఒక్క అక్షరం పెగల్లేదు. ఇంక ఆ పరీక్షలు లేవు, ఆ ఆసుపత్రి లేదు, ఇన్నాళ్ళ చదువు ఆ గాజుపలక దగ్గర ఆగిపోయింది. నడిరోడ్డు మీద, పదిమందీ చూస్తుండగా, పెద్దమనిషి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. ఆమె ఊరుకోమనలేదు. ఊరుకోమంటే ఇంకా ఏడుస్తాడని ఆమెకి తెలుసు.

ఫోను చేతులు మారింది. ఈసారి అత్తగారు.

"అల్లుడుగారూ, మీరు కూర్చున్నారా?"

"లేదండీ."

"ముందు కూర్చోండి బాబూ. పక్కన మేమున్నాం."

ఆయన అక్కడే, గేటు పక్కన ఫుట్‌పాత్ మీద కూర్చున్నాడు.