ఖలీల్ పెట్టిన గడియారం

శనివారం పొద్దున 10:20కి ఉప్పల్‌లో మెట్రో ఎక్కాను. ప్రయాణం అరగంటే, కానీ మొహం చెల్లక నెల్లాళ్ళు సాగదీశాను. ఖలీల్‌కి క్షమాపణ చెప్పాలి.

ఖలీల్ మా సముద్ర పరిశోధన ఆఫీసులో కాంట్రాక్టు టెక్నీషియన్. భూమధ్యరేఖ దగ్గర తాడుకు కట్టి దింపే ప్రవాహ మీటర్లకు టైం పెట్టేది అతనే. రెండేళ్ళ కిందట వాటిని పైకి తీస్తే, లోతున ప్రవాహం పైదానికంటే కొన్ని వారాల ముందే దిశ మార్చుకున్నట్టు కనబడింది. నీటిని తోసేది పైనున్న గాలి కదా, అడుగున ముందెలా మారుతుంది? ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నిండు మీటింగులో "ఖలీల్ గడియారం తప్పు పెట్టాడు" అన్నాను. అతని కాంట్రాక్టు పొడిగించలేదు. పోయిన నెల రెండో తాడు తీస్తే అదే వరస. ఈసారి టైం పెట్టింది నేను.

10:50కి అమీర్‌పేటలో దిగాను. పైకొచ్చే ఎస్కలేటర్ మీద ఒకాయన కిందికి పరిగెత్తుతున్నాడు. "జర జరుగుండ్రి భాయ్, బండి పోతది" అంటున్నాడు. మెట్లు పైకి, మనిషి కిందికి. మేం కొలిచే సముద్రం లోపలి అలలూ ఇంతే. గాలి ఇచ్చిన శక్తి ఏటవాలుగా అడుగుకు దిగుతుంటే, అలల శిఖరాలు కిందినుంచి పైకి నడుస్తాయి. అందుకే ప్రవాహం దిశ మారడం లోతున ముందు కనబడుతుంది. ఇది నేను క్లాసుల్లో చెప్పే పాఠమే. చెప్పిన నోటితోనే మనిషిని అనుమానించాను.

ఖలీల్ ఇప్పుడుంటున్న పంజగుట్ట అక్కణ్ణుంచి ఒక్క స్టేషనే కాబట్టి నడిచాను. ధైర్యానికి ఆ దూరం చాలలేదు. 11:20కి ఖలీల్ సెల్‌ఫోన్ రిపేరు కొట్టు దొరికింది.

"నీ గడియారం కరెక్టే ఖలీల్. తప్పు నాది" అన్నాను.

"నాకెరికే సార్. మూడుసార్లు చూసినంకనే నీళ్ళల్ల దింపిన." ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తెప్పించాడు.

మళ్ళీ ఉద్యోగానికి రమ్మన్నాను.

"గది తర్వాత చూద్దాం. తప్పని అందరి ముందట అన్నరు. కరెక్టని గీ చాయ్ కాడ అంటున్నరు."

గొంతు పెంచలేదు. చేతిలో బిస్కెట్ సాసర్లో పెట్టేసి లేచాను.

12:25కి అమీర్‌పేటలో నాగోల్ బండి ఎక్కితే సీటు దొరికింది. ఈ దారిన ఎవరైనా ఇలాంటి పని మీద వెళ్తే, చేయాల్సింది చేసి వెళ్ళండి. నేను తిరుగుదారిలో చేశాను. బేగంపేట రాకముందే ఫోన్ తీసి, ఆనాటి మీటింగులో ఉన్నవాళ్ళందరి పేర్లూ మెయిల్లో చేర్చాను. డైరెక్టర్ పేరు దగ్గర వేలు ఆగింది. అదీ చేర్చాను.

"ఖలీల్ పెట్టిన గడియారం సరిగ్గానే ఉంది" అని మొదలుపెట్టి, ఉప్పల్ వచ్చేలోపు పంపేశాను.