పేరు తెలియని మనిషి కోసం రొట్టె

నేను తెనాలిలో గడియారాలు బాగుచేస్తాను. కొట్టు మూసేది బహు తక్కువ. పీర్ల పండుగనాడు మా వీధంతా ఊరేగింపుతో నిండిపోయి బేరాలు ఎలాగూ ఉండవు కాబట్టి, ఆ రోజు చూసుకుని నెల్లూరు ప్రయాణం పెట్టుకున్నాను. పని ఒక్కటే. నిరుడు నా ప్రాణం నిలబెట్టిన నర్సమ్మను కలిసి ఒక మాట చెప్పి రావాలి. ఆవిడ పేరు నాకు తెలియదు. ముఖమూ సరిగా గుర్తు లేదు. గొంతు మాత్రం గుర్తుంది.

నిరుడు వేసవిలో ఇందుకూరుపేటలో ఒక ఆసామి ఇంటి నిలువు గడియారం బాగుచేయడానికి వెళ్ళాను. పని అయ్యాక, ఇంత దూరం వచ్చి సముద్రం చూడకుండా పోవడమేమిటని మైపాడు బస్సెక్కాను. కాలువ మలుపులో బస్సు పక్కకు ఒరిగిపోయింది. రేకు చీరుకుని నా కుడి మోకాలి పైన లోతుగా తెగింది. దగ్గరలోని ఊళ్ళో చిన్న ఆస్పత్రి ఉంటే అక్కడికి మోసుకుపోయారు. డాక్టరుగారు పని మీద నెల్లూరు వెళ్ళి ఉన్నారు. ఉన్నది నర్సమ్మ ఒక్కతే. ఆవిడ గాయం మీద గుడ్డ పెట్టి రెండు చేతులతో అదిమి పట్టింది. పొద్దు వాలి డాక్టరుగారి జీపు వచ్చేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.

నాకు నిద్ర ముంచుకొస్తోంది. ఎదురుగా గోడ గడియారం ఆగిపోయి ఉంది. అలవాటు కొద్దీ "గడియారం తప్పు" అని గొణిగాను. ఆవిడ ఆ మాట పట్టుకుంది. "తప్పేందన్నా? చెప్పు. నిద్రపోబాక, చెప్తా ఉండు" అంది. స్ప్రింగు గురించి, పళ్ళచక్రం గురించి, ఉప్పుగాలికి నూనె జిడ్డు కట్టడం గురించి చెప్పాను. నేను ఆగినప్పుడల్లా "ఆ తర్వాత?" అనేది. తర్వాత నన్ను నెల్లూరు పంపారు, అక్కడినుంచి మద్రాసు. కాలు నిలబడి నేను తెనాలి చేరేసరికి చాలా కాలం పట్టింది.

ఈసారి రాత్రి పాసింజరు ఎక్కి, తెల్లవారేసరికి బిట్రగుంటలో కళ్ళు తెరిచాను. ఇంజను నీళ్ళు పట్టుకుంటోంది. ప్లాట్‌ఫారం మీద కాఫీ వేడిగా ఉంది, అంతకుమించి చెప్పడానికి లేదు. స్టేషను గడియారం నా చేతి గడియారానికి నాలుగు నిమిషాలు వెనక ఉంది. మూడో తరగతి పెట్టెలో కాలు పెట్టడానికి చోటు లేదు. నా ఎదుట చీరాలలో లుంగీలు అమ్మే సాయిబుగారు భార్యతో కూర్చున్నారు. ఆవిడ ఒళ్ళో తెల్ల గుడ్డలో కట్టిన రొట్టెల మూట.

"పీర్ల పండగకే నెల్లూరు చెరువు దగ్గర దర్గాలో రొట్టెల పండగండీ" అన్నారాయన. "కోరిక ఉన్నవాళ్ళు చెరువులో నిలబడి రొట్టె పట్టుకుంటారు. అది తీరితే, మళ్ళీ ఏడు వచ్చి అదే రకం రొట్టె ఇంకొకరికి ఇవ్వాలి. చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, ఆరోగ్య రొట్టె, అన్నీ ఉంటాయి."

"తీరకపోతే?"

"మళ్ళీ పట్టుకోవడమే. ఇంతకీ తమరు ఏ రొట్టెకు?"

రొట్టెకు కాదు, ఒక మనిషిని చూడ్డానికి అన్నాను. ఆయన నమ్మినట్టు లేదు.

ఏడు దాటాక నెల్లూరులో దిగాను. స్టేషను ఎదుటి హోటల్లో ఇడ్లీ బాగుంది, చట్నీలో కారం జాస్తి. ఊరంతా చెరువు వైపు నడుస్తోంది. బస్టాండులో మైపాడు బస్సు మాత్రం ఖాళీగా ఉంది. కండక్టరు టిక్కెట్టు చింపుతూ, "అందురూ ఇట్ట వస్తా ఉంటే నువ్వేందన్నా అట్ట పోతా ఉండావు?" అన్నాడు. ఆ మాట సాయంత్రం దాకా నన్ను వదల్లేదు.

దారికి రెండు వైపులా కోత అయిపోయిన మళ్ళు. ఇందుకూరుపేట దాటాక తాటిచెట్లు, ఆ తర్వాత సరుగుడు తోపులు. కాలువ మలుపు వచ్చినప్పుడు నా చేతులు ముందు సీటు కడ్డీని పట్టుకున్నాయి. బస్సు చక్కగానే తిరిగింది.

ఆస్పత్రి వరండాలో ఒక ముసలామె కట్లు కట్టే గుడ్డలు మడత పెడుతోంది. పేరు ఖాసింబీ, అక్కడి ఆయా. నర్సమ్మ ఉన్నారా అని అడిగాను.

"మేరమ్మా? నెల్లూరు పోయినాది. రొట్టెల పండక్కి. సెలవు దొరికేదే ఈ రోజు నాయనా. కట్టు కట్టాల్నా?"

కట్టు అక్కర్లేదన్నాను. తిరుగు బస్సు మధ్యాహ్నానికి గానీ లేదు. ఇంత దూరం వచ్చి ఆవిడ ఉన్న ఊరినే దాటుకుని వచ్చానా అని చిరాకు వేసింది. లోపలికి తొంగి చూస్తే గోడ గడియారం అలాగే ఆగి ఉంది, నిరుడు నేను చూసిన అంకె మీదే. చేతిసంచిలో పనిముట్లు ఎప్పుడూ ఉంటాయి. స్టూలు వేసుకుని దాన్ని దించాను. జిడ్డు తుడిచి, పళ్ళచక్రంలో ఒక పన్ను సరిచేసి, రెండు బొట్లు నూనె వేసేసరికి అది కదిలింది. నేను చెప్పిన జబ్బే దానికి.

దాన్ని మళ్ళీ గోడకు తగిలిస్తుంటే టిక్కుటిక్కు విని ఖాసింబీ గుమ్మంలోకి వచ్చింది.

"నిరుడు బస్సు పడినప్పుడు ఒకాయన ఈ గడియారం సంగతే చెప్తా ఉన్నాడు, పాపం. మేరమ్మ చేతులు మొద్దుబారి పోయినాయి ఆ దినం. రాత్రి అన్నం కూడా నేనే తినిపించినా. ఆయన్ని నెల్లూరుకు తీసుకపోయినాంక బతికినాడో లేదో ఎవురూ చెప్పలేదు. మద్రాసుకు పంపినామన్నారు, అంతే."

నేను స్టూలు మీదే నిలబడి వింటున్నాను.

"అప్పుడే పండగొస్తే నేనే పిల్చుకోని పోయినా ఆయమ్మని. వాళ్ళు యేసును కొలిచేవాళ్ళే గానీ నా మాట కాదనలేదు. పేరు తెలీదే ఎట్టా అంది. మనిషిని తలుచుకుని పట్టుకో, చాలు అని నేనే చెప్పినా. ఆరోగ్య రొట్టె పట్టుకున్నాది. ఇప్పుడు అదే కష్టం వచ్చింది నాయనా. బతికుంటే రొట్టె ఇయ్యాల. లేకుంటే..." ఖాసింబీ చేతిలో గుడ్డ ఆగింది. "పోయినోడికి ఆరోగ్యం పట్టుకునేది ఎట్టా? ఏందీ తెలీకుండానే పొద్దున రొట్టె చేసుకోని పోయినాది."

నేను దిగి పంచె కాస్త పైకి తీసి మచ్చ చూపించాను. ఆమె మచ్చ వైపు, నా ముఖం వైపు, గోడ మీద గడియారం వైపు చూసింది. తర్వాత నా సంచి తీసి నా చేతికిచ్చింది.

"ఇంకా నిలబడుండావే? పో నాయనా. రొట్టె చెరువులో వేసేస్తాదేమో."

బస్సు రావాల్సిన వేళకు రాలేదు. వచ్చాక ఇందుకూరుపేటలో డ్రైవరు భోజనానికి దిగాడు. మామూలుగా నేను ఇలాంటివాటికి విసుక్కుంటాను. ఆ పూట విసుగు కాదు, భయం వేసింది. ఆవిడ ఒక మనిషిని చచ్చినవాడి కింద జమకట్టి ఇంటికి పోతుందేమోనని, ఆ మనిషిని నేనేనని. డ్రైవరు పెరుగన్నం కూడా ముగించి వచ్చాడు.

చెరువు చేరేసరికి రెండు దాటింది. గట్టు మీద తలలు తప్ప ఏమీ కనపడలేదు. నీళ్ళలో జనం మోకాలి లోతున నిలబడి కేకలు వేస్తున్నారు. "ఉద్యోగ రొట్టె", "సంతాన రొట్టె", ఎవరిది వాళ్ళు. ఆరోగ్య రొట్టె అన్న కేక వినపడే వైపు నడిచాను. అక్కడ అందరూ అరుస్తున్నారు. తెల్లచీర కట్టుకున్న ఒకావిడ మాత్రం గుడ్డలో చుట్టిన రొట్టెను రెండు చేతులతో అదిమి పట్టుకుని మాట్లాడకుండా నిలబడి ఉంది. ఆ పట్టు చూసి పోల్చుకున్నాను.

తెనాలి నుంచి కూర్చుకుంటూ వచ్చిన మాటలు నా దగ్గర ఉన్నాయి. నీళ్ళలో ఆవిడ ముందు నిలబడ్డాక నోట వచ్చింది వేరే మాట.

"అమ్మా, మీ ఆస్పత్రి గడియారం ఇప్పుడు నడుస్తోంది" అన్నాను.

ఆవిడ రొట్టెను ఒక చేతిలోకి మార్చుకుంది.

"కాలేది?" అంది.

చూపించాను. నీళ్ళలోనే వంగి, మచ్చ పైన బొటనవేలితో నొక్కి, "నొప్పుండాదా? నడిస్తే లాగతా ఉందా?" అని అడిగింది. చలికాలం కొంచెం అన్నాను. నువ్వులనూనె రాయమంది. నిటారుగా నిలబడ్డాక కొంగుతో ముఖం తుడుచుకుంది. నా కళ్ళూ తడిగానే ఉన్నాయి, దాచను.

"నీ పేరేందన్నా?"

"వెంకటప్పయ్య."

ఆవిడ ఆ పేరు ఒకసారి మెల్లగా అనుకుంది. తర్వాత గుడ్డ విప్పి, నిరుడు నేను విన్న గొంతుతో, అంతకంటే గట్టిగా, "ఆరోగ్య రొట్టె" అని కేక వేసింది. బిడ్డను చంకలో వేసుకున్న ఒకామె చెయ్యి చాచింది. నా రొట్టె ఆమె తీసుకుని అక్కడే తుంచుకుని తింది.

సాయంత్రం పాసింజరులో కిటికీ పక్క చోటు దొరికింది. ఎవరైనా ఆ వైపు వెళ్ళదలిస్తే పండుగ రోజుల్లో మైపాడు బస్సు ఖాళీగా ఉంటుంది, డ్రైవరు భోజనం మాత్రం లెక్కలో వేసుకోవాలి. ఆ దారిలో సరైన టైము చెప్పే గడియారం నాకు తెలిసి ఆ చిన్న ఆస్పత్రిలోదే. మీ చేతి గడియారం అక్కడ సరిచేసుకోవచ్చు.

బిట్రగుంట దగ్గర గుర్తొచ్చింది, చెప్పాలని వెళ్ళిన మాట నేను చెప్పనే లేదు. బాధ అనిపించలేదు. ఆవిడకు కావలసింది ఆ మాట కాదు, నేను కనపడడం.

చీరాల సాయిబుగారు అదే పెట్టెలో ఉన్నారు. మూట ఖాళీ.

"తమరూ రొట్టె పట్టుకున్నారా?" అన్నారు.

"లేదండీ. నా పేరు మీద ఇచ్చేశారు" అన్నాను.