గంటపిట్టకి డోన్యా ఎర్మిందా కితాబు

మా మోంతెవెర్దె కొండల్లో డోన్యా ఎర్మిందాకి ముప్పై ఏళ్లుగా ఒకటే సిద్ధాంతం: పిట్టంటే కెట్సాలే. మూరెడు పచ్చతోక, ఎర్రటి పొట్ట, పెద్దగా నోరు విప్పదు.

"ఆ గంటపిట్టా? మూతికి వానపాముల్లాంటి మూడు తోలుపోగులు వేలాడేసుకుని, పొద్దస్తమానం రేకుడబ్బా బాదినట్టు అరుపు! అచ్చం మా మరిదే!" అనేది.

మరిది ఎవెలియో పొలం లోయకి అవతల. గంటపిట్ట కూసేది అతని ఎండుకొమ్మ మీదే. మేతకి మాత్రం అదీ, కెట్సాలూ ఎర్మిందా పెరట్లోని అడవి అవకాడో చెట్టుకే వచ్చేవి. ఆ చెట్టు కింద బెంచీ వేసి, కెట్సాల్‌ని చూడ్డానికి వచ్చేవాళ్లకి కాఫీ, ఆకులో ఉడికించిన మొక్కజొన్న తమాల్ పొట్లాలు అమ్ముకునే ఆమె బతికింది.

అక్టోబరు గాలివానకి చెట్టు కూలింది. మార్చిలో పిట్టలు కొండెక్కి వచ్చాయి. గంటపిట్ట ఎక్కడెక్కడో మేసినా కూతకి మళ్లీ అదే ఎండుకొమ్మ పట్టింది. కెట్సాల్ ఇటు తొంగి కూడా చూడలేదు.

మళ్లీ అవకాడో మొక్కలు నాటాలి. చూస్తే, కెట్సాల్ అన్నేళ్లూ చెట్టు కిందే కక్కిన గింజలు ఆ నీడలో కుళ్లిపోయాయి. ఒక్క మొలక లేదు. అందగాడు తిన్నచోటే కక్కాడు మరి! గంటపిట్ట మాత్రం గింజలు మోసుకెళ్లి, తన కొమ్మ కింద ఎండ పడేచోట వదిలింది. అక్కడ మోకాలెత్తు మొక్కలు. ఎవెలియో పొలంలో!

తమాల్ పట్టుకెళ్లి గేటు దగ్గర "ఊపే!" అని కేకేసింది. తలుపు తట్టే అలవాటు మాలో లేదు కాబట్టి, ఆమె ఎవరి గేటుకొచ్చిందో లోయంతటికీ తెలిసిపోయింది.

"వదినేనా? దారి తప్పావా?"

"మొక్కలు కావాలి."

"పది తీసుకో. ముందు నా పిట్టని ఓ మంచిమాట అను."

ఆమె గొంతు సవరించుకుంది. "నీ పిట్ట..." అంటుండగానే ఎండుకొమ్మ మీంచి కూత:

ఠంగ్!

"వినపళ్లేదు వదినా."

"మంచిదే..."

ఠంగ్!

"ఇంకాస్త గట్టిగా."

"నీ పిట్ట పనిమంతుడయ్యా! నా అందగాడికంటే వెయ్యిరెట్లు నయం! చాలా?"

అవతలి రోడ్డు మీద ఎవరో గైడు చప్పట్లు కొట్టాడు.

మొక్కలు నాటింది. కాపుకి పదేళ్లు పట్టొచ్చు, ఆమెకి అరవై ఎనిమిది. ఈలోగా బెంచీని లోయవైపు తిప్పి బోర్డు మార్చింది: "గంటపిట్ట పాట ఇక్కణ్ణుంచే ఇంపుగా ఉంటుంది. దగ్గరికెళ్తే చెవులు పోతాయి."

జనం మళ్లీ వస్తున్నారు. ఎవెలియో పరిగెత్తుకొచ్చి మొత్తుకున్నాడు: "అది నా పిట్ట కదా వదినా!"

"పిట్ట నీదే, ఎవరు కాదన్నారు? చెవులు వాళ్లవి. కూర్చో, కాఫీ తాగు."

ఎవెలియో ఏదో అనబోయాడు.

ఠంగ్!

"వినపళ్లేదు మరిదీ," అంది ఎర్మిందా.