పరాయివాళ్లకు పెత్రమాస బియ్యం

గద్వాల నుంచి తిమ్మాజిపేట వెళ్లేవాళ్లు పొద్దున ఆరింటి బస్సే ఎక్కండి. తర్వాతివాటిలో వనపర్తి దాకా నిలబడాల్సిందే. నేను వెళ్లింది మా తొమ్మిదో తరగతి మహేశ్వరి కోసం. దసరా సెలవులకు వెళ్లిన పిల్ల హాస్టలుకు తిరిగి రాలేదు. "పాఠం మీదే, తీసుకొచ్చే బాధ్యతా మీదే" అన్నారు ప్రిన్సిపాల్, అందరి ముందూ. సెలవు మాత్రం నా ఖాతాలో రాశారు. వార్షికోత్సవంలో నాకు కుర్చీ వేయించనిదీ ఆయనే.

రువాండా మారణహోమంలో ఇంటివాళ్లంతా చనిపోగా, చిత్తడినేలలో దాక్కుని బతికిన ఒకమ్మాయి జ్ఞాపకాలను నేనే తెలుగు చేసి క్లాసులో చదివాను. అప్పటికి పెత్రమాస దగ్గరపడింది. పోయిన పెద్దల పేరు మీద బియ్యం, కూరగాయలు ఇచ్చే అమావాస్య అది. ఇంటిల్లిపాదీ పోతే వాళ్లకు బియ్యం ఎవరిస్తారని మహేశ్వరి అడిగింది. నేను తర్వాతి పేజీ తిప్పాను. పెత్రమాస రోజు తనే వంటామెను బతిమాలి, ఆ ఇంటివాళ్లకని చెప్పి, గేటు దగ్గరి ముసలాయనకు బియ్యం ఇచ్చింది. తండ్రి బతికుండగా పిల్లలు ఆ పని చేయకూడదు. అది తనకు తట్టలేదు, నాకూ తట్టలేదు.

ఇటిక్యాల దాటాక పక్కసీటు ఆవిడ నా ప్రయాణం సంగతి విని నవ్వింది. "మా పోరడు ఏడాది బడికి పోలే. ఏ పంతులమ్మ ఇంటికి రాలే," అంది. అది మా బడి కాదు. అయినా కొత్తకోట దాకా ఆమెతో మాట్లాడలేదు. వనపర్తి బస్టాండు ఎదుట చల్లారిన ఇడ్లీ పెట్టిన హోటలునూ గుర్తుపెట్టుకున్నాను.

నాగర్‌కర్నూల్‌లో బస్సు మారి, మధ్యాహ్నం రెండింటికి తిమ్మాజిపేట చేరాను. మహేశ్వరి నానమ్మ ఇంటి ముందు పల్లికాయ తెంపుతోంది. నన్ను కూర్చోమనలేదు.

"నా కొడుకు పూణేల అంత ఎత్తుమీద సెంట్రింగు పని చేస్తుండు. ఇది ఈడ సచ్చినోళ్లకు బియ్యమిస్తది. వాడు కిందపడితే ఎవరిది జిమ్మా?"

పాఠం గొప్పదని ఎంత చెప్పినా ఆమె తలెత్తలేదు. చివరికి కొడుకుకే ఫోన్ చేసి నాకిచ్చింది. అతను పాఠం మొత్తం చెప్పమన్నాడు. నిలబడే చెప్పాను.

"గా పిల్లకు ఎవ్వరూ మిగల్లేదా మేడం?"

లేరన్నాను. ఫోన్ తల్లికివ్వమన్నాడు.

"నేను మంచిగనే ఉన్న అమ్మా. పోరిని పంపు. పోయిన మా నాయనకు ఎట్లాగూ బియ్యమిస్త కద, వచ్చేపారి ఆళ్లకు గూడ నేనే ఇస్త. పేర్లు మాత్రం చెప్పుమను. పేరు లేకుంటే ముట్టదు."

ఆమె మనవరాలి బట్టలు సంచిలో సర్దింది. సంచి నా చేతికి కాక మనవరాలికే ఇచ్చింది.

తిరుగు బస్సులో మహేశ్వరి తన నాయనకు చెప్పాల్సిన పేర్లు వేళ్ల మీద వల్లించుకుంటూ కూర్చుంది. పెబ్బేరు దగ్గర వల్లించడం ఆపేసింది.

"టీచర్, పాఠంల అమ్మ చంకల ఉన్న చిన్న పాపకు పేరే లేదు."

తెలుగు చేసింది నేనే. ఒక్కసారీ గమనించలేదు. పేరు పెట్టకముందే పోయిందేమో అన్నాను.

"అంటే పేరు పెట్టే తొట్టెల గూడ కాలేదా?" అంది. "నాయనకు పాప పేరు ఏమని చెప్పాలె?" అని అడిగింది.

నేనే ఏదో ఒక పేరు చెబుతానని గద్వాల వచ్చేదాకా నా మొహంలోకే చూస్తూ కూర్చుంది.