నాయన వీపున సోలార్ పలక

ఎండలు ముదిరి మా పుంగనూరు వైపు గడ్డి మాడిపోగానే నాయన గొర్రెల మందను తోలుకొని కుప్పం అడవి అంచుకు పోయేవాడు. వానలు పడేదాకా ఆ గుట్టల్లోనే వంట, ఆ గుట్టల్లోనే పడక. ఏనుగులు ఏ పక్క దిగాయో అడవి కాపలాదారు ఫోన్ చేసి చెప్పేవాడు. ఆ కబురు అందాలంటే ఫోన్‌లో చార్జింగ్ ఉండాలి కదా. చార్జింగ్ కోసం నాయన దాన్ని ఊళ్లో టీ అంగట్లో పెట్టి వచ్చేవాడు. ఫోన్ ఊళ్లో, మనిషి అడవిలో. ఇదేం తెలివని నేను పోట్లాడేదాన్ని.

"గొర్రెలేమన్నా నాకు ఫోన్ సేస్తాయా?" అని నవ్వేవాడు.

పోయినేడు పక్క మంద మీదికి ఏనుగు వచ్చిందని విన్నాక నాకు కంటిమీద కునుకు లేదు. పుంగనూరులో పాలకేంద్రంలో నా ఉద్యోగం. సెలవు పెట్టి మదనపల్లె పోయి సోలార్ చార్జర్ కోసం అంగళ్లన్నీ తిరిగాను. ఒకచోట పవర్ బ్యాంకుకు అరచేయంత నల్లబిళ్ల అతికించింది చూపించారు. అది ఎండకు నిండేసరికి వానలే వస్తాయి. పేరు గొప్ప, ఊరు దిబ్బ. ఇంకోచోటిది గొర్రెపిల్లంత బరువు. చివరికి పుస్తకంలా మడిచే పలక ఒకటి దొరికింది. తేలిక. మూలల్లో కొక్కేలున్నాయి. వీపుకు తగిలించుకుంటే మంద వెనక నడుస్తూనే చార్జింగ్ ఎక్కుతుంది.

అంగడాయన దాన్ని ఎండలో పరిచి, ఫోన్ తగిలించి, పలక మీద చెయ్యి అడ్డం పెట్టాడు. చార్జింగ్ ఆగిపోయింది. "సూడుమ్మా, ఇంత నీడ పడినా పని సెయ్యదు. మీ నాయనకు గట్టిగా సెప్పు," అన్నాడు.

గట్టిగానే చెప్పాను. నాయన కొత్త చొక్కా తొడుక్కున్నట్టు దాన్ని వీపుకు తగిలించుకొని అమ్మకు అటూ ఇటూ తిరిగి చూపించాడు. "నీడ యాడ పడతాదిమ్మా? గొర్రెలు నన్ను చెట్టు కింద నిలబడనిస్తే గదా," అన్నాడు. నాకు డ్యూటీ ఉండి ఆ సాయంత్రమే బస్సెక్కాను. మర్నాడు పొద్దున మంద కదిలింది.

కొన్నాళ్లకు టీ అంగడివాళ్ల ఫోన్ నుంచి చేశాడు. "ఇది ఎక్కల్యా పాపా."

"నీడ పడతాండాదేమో సూడు నాయనా."

"నీడా? నా నెత్తి మాడిపోతాండాది గానీ దీనికి మాత్రం ఎండ సాలదంట."

"అట్లయితే ఫోన్ ఆ అంగట్లోనే పెట్టి, నిండేదాకా కూర్చో."

"గొర్రెల్ని ఇడిసిపెట్టి యాడ కూర్చునేదమ్మా?"

ఆదివారం నేనే వస్తానన్నాను. నాకు ఒళ్లు మండి మదనపల్లె అంగడాయనకు ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన పాపం, "ఫోటో పంపమ్మా, సూసి సెప్తా" అన్నాడు. నాయనది బటన్ల ఫోన్, ఫోటో యాడనుంచి వస్తుంది?

ఆదివారం రాకముందే ఏనుగు వచ్చింది.

కుప్పం ఆస్పత్రి బయట కాపలాదారు నా ముందు నిలబడి ఏడ్చాడు. "సేస్తానే ఉన్నామ్మా. స్విచ్ఛాఫ్ వస్తానే ఉండాది." పక్క మంద వాళ్లు, వానలు పడినాక మా గొర్రెలను తామే తోలుకొస్తామని చెప్పి, నాయన కంబళి, కట్టె, ఫోన్, ఆ పలక నా చేతికిచ్చారు.

పలక విప్పాను. ప్రతి మడతకూ అడ్డంగా విభూది పట్టెలు, నడిమధ్య మందంగా పసుపు, కుంకుమ.

మా ఇళ్లలో మంద కదిలే రోజు కత్తికి, కట్టెకు, ముందు నడిచే పొట్టేలుకు బొట్టు పెడతారు. చెమటకూ వానకూ పోకుండా అమ్మ వాటిని ఆముదంలో రంగరిస్తుంది. మంద తిరిగి ఇల్లు చేరేదాకా ఆ బొట్టు చెరపకూడదు, చెరిపితే మనిషికి కీడు. నాయన పలకను చెట్టు నీడ నుంచి కాపాడాడు. బొట్టునూ అంతే భద్రంగా కాపాడాడు. బొట్టు కూడా నీడేనని మాలో ఎవరికి తోస్తుంది?

అక్కడే ఆస్పత్రి గోడ పక్కన కూర్చొని కొంగుతో దాన్ని తుడిచాను. జిడ్డు ఒక పట్టాన వదల్లేదు. తుడిచి ఎండలో పెట్టి నాయన ఫోన్ తగిలించాను. కాసేపటికి వెలిగింది. కాపలాదారు చేసిన కాల్స్ గురించి మెసేజ్‌లు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి.

ఇంట్లో అమ్మ అడిగింది. "అది యాల పని సెయ్యల్యా పాపా?"

"అంగడోడు మోసం సేసినాడుమా," అన్నాను.

అమ్మ ఆ మంచి మనిషికి తగలరాని శాపనార్థాలన్నీ పెట్టింది. నేను తలొంచుకొని విన్నాను. ఆయన పుణ్యాత్ముడు, మోస్తాడులే అనుకున్నాను.

కర్మల రోజు ఊళ్లో ముసలమ్మలు అమ్మను పెరట్లో కూర్చోబెట్టి నొసటి బొట్టు మీదికి చెయ్యి చాచారు. అమ్మ నొసటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మంద ఇంకా ఇల్లు సేరల్యా," అంది. "అప్పుడే తుడస్తారా?"