క్లచ్ పట్టిన చెయ్యి

నిన్న పొద్దున ప్రభుదాస్ అన్న నంబర్ నుంచి ఫోన్ వచ్చింది.

ఎత్తాను. అన్న గొంతు కాదు.

"అన్నా, ఇంజిన్ పెట్టిన సైకిల్ ఆయన మీ మనిషేనా? రోడ్డు పక్కన పడిపోయిండు. మాట్లాడతలేడు. ఆఖరి ఫోన్ మీకే ఉంది, అందుకే చేసిన."

చేతిలో స్పానర్ ఉంది. అది కింద పెట్టాలని కూడా తోచలేదు.

అన్న ఇక లేడు. ఈ సంగతి గ్రూపులో అందరికీ నేనే టైప్ చేస్తున్నా.

తెలియని వాళ్ల కోసం చెబుతున్నా. అన్న ముప్పై ఏళ్లు లారీ నడిపాడు. లారీ దిగాక ఒకటే పట్టు. "ఇన్నేండ్లు లోడు ఆపమన్న కాడ ఆపిన. ఇప్పుడు నాకు బుద్ధి పుట్టిన కాడ ఆపుత" అని. మామూలు సైకిల్‌కి చిన్న పెట్రోల్ ఇంజిన్ బిగించుకుని జబల్‌పూర్ దాకా వెళ్లి రావాలట!

బిగించింది నేనే. కుసుమంచిలో, నా షెడ్‌లో.

నేనెంత పిరికివాణ్ణో ఈ గ్రూపులో అందరికీ తెలుసు. ట్రయల్‌కని పాల్వంచ దాటాక అడవి రోడ్డులో నన్ను క్యారియర్ మీద ఎక్కించుకున్నాడు. దిగుడులో బ్రేక్ పట్టలేదు. ఎదురుగా రోడ్డు నిండా బర్రెలు. నేను కళ్లు మూసుకుని "యేసయ్యా!" అని కేక పెట్టాను.

ఎట్లా తప్పించాడో తప్పించాడు. బండి ఆపి, పొట్ట పట్టుకుని నవ్వాడు.

"మా దేవుణ్ణి పిలుస్తివేంది రా శ్రీను? మీ రాముడు పక్కన భద్రాచలంల్నే ఉన్నడు గదా!"

నువ్వు పోవద్దన్నా అన్నాను. బతిమాలాను. అప్పుడన్నాడు, "నీ భయమే నాకు ఇన్సూరెన్స్ రా. నువ్వు భయపడు, నేను తొక్కుత."

అందుకే ప్రతి బోల్టుకీ రెండు నట్లు వేశాను. బండి ఆపగానే పెట్రోల్ ట్యాప్ కట్టెయ్యాలి, స్టాండ్ వెయ్యాలి అని వందసార్లు చెప్పాను. చిన్నపిల్లాడిలా తలూపాడు.

రోజూ సాయంత్రం ఫోన్ చేసేవాడు. రింగ్ అయితే చాలు, నా గుండె జారేది. చెయిన్ ఎట్లుంది, బ్రేక్ ఎట్లుంది, బోల్టులు చూసినవా అని ప్రాణం తీసేవాణ్ణి. జబల్‌పూర్ చేరాడు. తిరుగు ప్రయాణం మొదలుపెట్టాడు.

మొన్న సాయంత్రం సరిహద్దు అవతల కుంట అనే ఊరి నుంచి చేశాడు.

"ఇంజిన్ బోల్టు ఒకటి లూజైంది రా, తీగ చుట్టిన. రేపు అడవి దాటితే భద్రాచలం. ఎల్లుండి ఇల్లే. గానీ ఎడమ చెయ్యి బాగ గుంజుతాంది. భుజం దాంక. క్లచ్ పట్టి పట్టి గట్లయింది."

ఈ బండికి క్లచ్ ఎడమ చేతికే ఉంటుంది.

షెడ్‌లో కస్టమర్ నిలబడి జల్దీ జల్దీ అని సతాయిస్తున్నాడు. నేనన్నాను, "ఏం కాదన్నా. క్లచ్ వైరు బిగుసుకున్నది. వచ్చినంక మారుస్త. బోల్టుకు కూడ ఏం కాదు, వచ్చెయ్."

"ఏందీ? నువ్వు ఏం కాదంటున్నవా? ఇగ నాకేం భయం!" అని నవ్వాడు.

అదే చివరి మాట.

నిన్న మేరీ వదినని కారెక్కించుకుని భద్రాచలం బయల్దేరాను. దారి పొడవునా వదిన ప్రార్థన చేస్తూనే ఉంది. నా తలలో మాత్రం ఆ బోల్టే. అది ఊడితే ఇంజిన్ పక్కకు ఒరుగుతుంది. చెయిన్ ఇరుక్కుని వెనక చక్రం పట్టేస్తుంది. మనిషి ఎగిరి పడతాడు.

"శ్రీను, బండి మంచిగనే ఉండె గదా?" అని అడిగింది వదిన.

"అవ్ వదినా" అన్నాను.

ఆ బర్రెల దిగుడు వచ్చింది. ఈసారి ఏ దేవుణ్ణి పిలవాలో కూడా తెలియలేదు.

అన్నని, సైకిల్‌ని ట్రాలీ ఆటోలో భద్రాచలం దవాఖానాకి తెచ్చారు. సిగ్గులేకుండా చెబుతున్నా, అన్న ముఖం కంటే ముందు నేను బోల్టు చూశాను. ఉంది. తీగ చుట్టినది చుట్టినట్టే ఉంది. బండికి ఒక్క గీత లేదు.

నాకు ఫోన్ చేసింది అడవి రోడ్డు మీద చాయ్ కొట్టు నడిపే మనిషి. ఆయన చెప్పాడు, "బండి మీదికెల్లి పడలే అన్నా. మంచిగ ఆపిండు. పెట్రోల్ కట్టేసిండు, స్టాండ్ ఏసిండు. చాయ్ అడిగిండు. అది మరిగేలోపే ఒరిగిపోయిండు."

హమ్మయ్య అనుకున్నాను. అవును, అనుకున్నాను. నా పని వల్ల కాదు అని.

అప్పుడు డాక్టర్ వచ్చారు. గుండెపోటు అన్నారు. "రెండు మూడు రోజుల నుంచి ఛాతీ నొప్పిగానీ, ఎడమ చెయ్యి లాగడంగానీ ఏమైనా చెప్పాడా?" అని అడిగారు.

"లేదు సార్, నాతోటి ఏం చెప్పలే" అంది వదిన.

నేను పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు.

ముందే చూపిస్తే బతికేవాడా అని డాక్టర్ని అడగాలనుకున్నాను. భయమేసింది. అడగలేదు.

వదినా, ఇది ఎవరో ఒకరు నీకు చదివి వినిపిస్తారు. అన్న నాతో చెప్పాడు. నేను ఏం కాదన్నాను. జీవితమంతా ప్రతిదానికీ భయపడినవాణ్ణి, భయపడాల్సిన ఆ ఒక్కసారే భయపడలేదు. నేను చెప్పినవన్నీ విన్న మనిషి, అది కూడా విన్నాడు.

పొద్దుట్నుంచి మీ సందు మొదట్లోనే నిలబడి ఉన్నాను. లోపలికి రావడానికి కాళ్లు రావట్లేదు. సాయంత్రం సమాధి దగ్గరికి వస్తాను. నువ్వేమన్నా పడతాను.

మిగతా అందరికీ ఒక్క మాట. ఏ బండి నడిపినా సరే, ఎడమ చెయ్యి గుంజితే మెకానిక్‌కి ఫోన్ చెయ్యకండి. దవాఖానాకి పోండి. నవ్వుతారని ఆగకండి.

అన్నా, ట్యాప్ కట్టేశావు, స్టాండ్ వేశావు. నీ ప్రభువు దగ్గర నెమ్మదిగా పడుకో.

భయపడే పని నేను చూసుకుంటాను.