మామ రుమాలు, అత్త పట్టుచీర, రెండు హెల్మెట్లు

ఈ ఏడు కణేకల్ దగ్గర మా మామ పొలంలో వేరుశెనగ బాగా పండింది. ఈ మాట రాయడానికే నాకు సంబరంగా ఉంది. అనంతపురం వైపు ఇది ప్రతి ఏడూ రాసుకోగలిగిన మాట కాదు మరి. కాయలు అమ్మిన వారానికే మామ నారాయణప్ప, అత్త సరోజమ్మ అనంతపురంలోని మా ఇంటికి వచ్చారు. మామ తన పాత బండి మీద, అత్త బస్సులో. ఒకే ఊరి నుంచి ఒకే ఇంటికి మొగుడూ పెళ్లాలు వేరువేరుగా రావడానికి కారణం నా భార్య రాధ. హెల్మెట్ పెట్టుకోని మనిషి వెనక అమ్మ కూర్చునేది లేదని ఫోన్లోనే తేల్చి చెప్పేసింది.

రాత్రి అన్నాల దగ్గర మామ అసలు సంగతి బయటపెట్టాడు. "అల్లుడా, రేపు పొద్దున ధర్మవరం పోదాం. పెండ్లయినప్పటి సంది మీ అత్తకు నా చేత్తో ఒక పట్టుచీర తెచ్చిచ్చిందిలేదు. తెచ్చి, కట్టించి, నా బండి మింద ఎనక కూర్చోబెట్టుకోని ఊళ్లేకి పోతా. నలుగురూ సూడల్ల."

"హెల్మెట్ పెట్టుకుంటే అమ్మ నీ ఎనకాల కూర్చుంటాది నాయనా," అంది రాధ. "లేకుంటే పట్టుచీర కట్టుకోనే బస్సెక్కుతాది." అత్త పప్పు వడ్డిస్తోంది. ఆమె చేతిలో గరిటె గాలిలో ఆగిపోయింది. ఆమెకు ఆ బండి ఎక్కాలని ఎంత ఆశగా ఉందో ఆ ఆగిన గరిటె చూస్తే తెలిసిపోయింది.

చిక్కు ఎక్కడంటే మామ తలకు ఎప్పుడూ తెల్ల రుమాలు ఉంటుంది. మా వైపు తలపాగాని రుమాలనే అంటారు. అది దేవుడి ముందు తీస్తారు, చావు దగ్గర తీస్తారు. మరెక్కడా తీయరు.

శనివారం పొద్దున ఆరున్నరకు నా బండి మీద బయలుదేరాం. అనంతపురం నుంచి కదిరి రోడ్డు పట్టుకుని బత్తలపల్లె దాకా వెళ్లి, అక్కడ కుడివైపు తిరిగితే ధర్మవరం. అంతా కలిపి నలభై కిలోమీటర్ల పైచిలుకు. ఆగకుండా వెళితే గంట ప్రయాణం, రెండు వందల పెట్రోలు రానూపోనూ సరిపోయింది. చలికాలంలో ఆ వేళ ఈ దారి చాలా బాగుంటుంది. కాయలు తీసేసిన ఎర్రటి చేలు, మధ్యమధ్యలో పచ్చగా మేం చీనీ అనే బత్తాయి తోటలు, వెనకాల బోడి గుట్టలు. మామ వెనక కూర్చుని ప్రతి చేనుకూ తీర్పు చెబుతూ వచ్చాడు. ఎవరు కలుపు తీయించలేదో, ఎవరు బోరు మీద ఆశపడి మునిగిపోయారో అన్నీ ఆయనకు కావాలి. రాధ ఇచ్చిన హెల్మెట్ మాత్రం చంటిపిల్లలా ఆయన ఒళ్లో హాయిగా కూర్చుంది.

"మామా, అది ఒళ్లోకి కాదు, తలకు" అన్నాను.

"తెలుసప్పా. దేవుని ముందర తీసే రుమాలు పోలీసోళ్ల ముందర తీయాల్నా? ఏం మాట్లాడతాండావు నువ్వు?"

అల్లుణ్ణి కదా, అంతకంటే పోరలేను. బండి తోలుతూ పోయాను.

బత్తలపల్లెకు ముందు రోడ్డు పక్క రేకుల హోటల్లో ఉగ్గాని, బజ్జి తిన్నాం. బొరుగులు నానబెట్టి పోపు పెట్టే ఈ ఉగ్గాని తినకుండా మా జిల్లాలో తిరిగామని చెప్పుకోకండి. ప్లేటు నలభై రూపాయలు, మిరపకాయ బజ్జీలతో కలిపి. నూనెలోంచి బజ్జీలు తీస్తూ హోటలామె మామ ఒళ్లో హెల్మెట్ చూసింది. "ఏం పెద్దాయనా, అది తలకు పెట్టుకో. ముందర మలుపు కాడ పోలీసోళ్లు పొద్దున్నుంచి నిలబడుండారు. పొలాల్లోకి బండ్లు తిప్పుకోని పోతాండారు జనం. మొన్న ఒగాయన కాలవలో పడినాడు."

మామకు కొత్త ఆలోచన వచ్చింది. రుమాలు తీయకుండానే దాని మీద హెల్మెట్ పెట్టుకున్నాడు. అది చుట్టకుదురు మీద కుండలాగా పైన నిలబడింది. నేను నవ్వితే గౌరవం కాదు, నవ్వకపోతే ప్రాణం నిలవదు. మలుపు దాకా అలాగే వెళ్లాం.

మలుపు దగ్గర ఒక ఎస్సై మేడం, ఇద్దరు కానిస్టేబుళ్లు ఉన్నారు. ముందు, వెనక ఇద్దరికీ హెల్మెట్ ఉండాల్సిందే. మేడం మామను చూసి, పెదవి బిగబట్టుకుని దగ్గరకు వచ్చింది. "దిగు పెద్దాయనా. ఆ పట్టీ బిగించు, సూస్తా."

పట్టీ గడ్డం దాకా ఎక్కడొస్తుంది? చెవుల దగ్గరే ఆగిపోయింది.

"పెట్టుకున్యా గదమ్మా, ఇంగేం?"

"నువ్వు పెట్టుకోలేదు. నీ రుమాలు పెట్టుకునింది" అందామె. జరిమానా వెయ్యి రూపాయలు కడతావా, లేకపోతే అరగంట ఇక్కడే నిలబడి హెల్మెట్ లేనివాళ్లకు నువ్వే బుద్ధి చెబుతావా అని అడిగింది.

"మాట్లాడేదానికైతే దుడ్లు యాల?" అన్నాడు మామ హుషారుగా. ఊరి పంచాయితీల్లో ఆరితేరిన గొంతు ఆయనది. హెల్మెట్ నా చేతికిచ్చి, రుమాలు సర్దుకుని రోడ్డు పక్కన నిలబడ్డాడు. ఇక మొదలుపెట్టాడు చూడండి! వచ్చినవాణ్ణి వచ్చినట్టు దులిపేశాడు. అద్దానికి హెల్మెట్ తగిలించుకుని వచ్చినాయనను "అద్దానికి దెబ్బ తగుల్తాదని భయమా అన్నా?" అని అడిగాడు. కానిస్టేబుళ్లు పని ఆపేసి వినడం మొదలుపెట్టారు.

అప్పుడొక జంట వచ్చింది. అతనికి హెల్మెట్ ఉంది. వెనక కూర్చున్న భార్యకు తల నిండా కనకాంబరాలు తప్ప ఏమీ లేవు. మామ గొంతు రెట్టింపయింది.

"ఏమప్పా, నీది ఒక్కటే తలకాయా? ఆ పాపది సంతలో కొసరుకిచ్చినారా?"

"బాగా అడుగు పెద్దాయనా! నేను చెప్తే ఇనడు" అంది ఆ అమ్మాయి.

అతను ఉడుక్కున్నాడు. "నన్ను అడుగుతాండావు సరే, నీ తల మింద ఏముండాది? నీ పెండ్లాన్ని నువ్వెట్ల తోల్కపోతాండావు?"

మామ ఆ అమ్మాయి తలలోని కనకాంబరాల వైపు చూశాడు. తర్వాత రెండు చేతులూ పైకెత్తి, నిదానంగా రుమాలు విప్పాడు. నలుగురిలో ఆయన తల నేనెప్పుడూ చూడలేదు. తెల్లటి పలచని జుట్టు. నేను చూపు తిప్పుకున్నాను. ఆయన రుమాలును పొడవుగా మడిచి నడుముకు చుట్టి ముడి వేశాడు.

"గాలి బాగనే తగుల్తాందే" అన్నాడు నాతో. హెల్మెట్ తీసుకుని పెట్టుకున్నాడు. పట్టీ టిక్కుమంది.

"ఇంగ చెప్పప్పా" అన్నాడు ఆ కుర్రవాడి వైపు తిరిగి. "ఇప్పుడు అడగొచ్చా నిన్ను?"

భార్యకు హెల్మెట్ కొనిగానీ బండి ఎక్కించనని అతను ఒప్పుకుని, ఆమెను బస్సు ఎక్కించడానికి నడిపించుకుపోయాడు. అరగంట దాటినా మామ కదలలేదు. చివరికి మేడమే చేతులు జోడించింది. "ఇంక పో పెద్దాయనా, మాకూ కొంచెం పని మిగలనీ."

ధర్మవరం చేరేసరికి తొమ్మిది దాటింది. తెలిసినవాళ్ల ద్వారా హనుమంతు అనే నేతగాడి ఇంటికి వెళ్లాం. మీరూ వీలైతే మగ్గం ఉన్న ఇంటికే వెళ్లండి, చీర వెనక మనిషి కనిపిస్తాడు. గడప బయట మామ హెల్మెట్ తీసి, రుమాలు మళ్లీ శ్రద్ధగా చుట్టుకున్నాకే లోపల అడుగు పెట్టాడు. ఏ రంగు కావాలని హనుమంతు అడిగితే తడబడ్డాడు. ఇన్నేళ్ల కాపురంలో అత్తకు ఇష్టమైన రంగేదో ఎప్పుడూ అడగలేదట. చివరికి "శెనక్కాయ చేను పూత పట్టినప్పుడు ఉంటాదే, ఆ పసుపు" అన్నాడు. పచ్చ అంచుతో అచ్చం అలాంటిదే దొరికింది. హనుమంతు భార్య అది విప్పి చూపిస్తుంటే మామ చేత్తో తాకలేదు, దూరం నుంచే చూస్తూ నవ్వుతూ కూర్చున్నాడు.

తిరిగి వస్తూ బజారులో ఆయనే బండి ఆపించాడు. అత్తకు హెల్మెట్ కావాలట. "ఎంత తల?" అని దుకాణదారు అడిగితే, ఈసారి తడబడకుండా రెండు అరచేతులు గాలిలో పెట్టి "ఇంత" అన్నాడు. ఐఎస్ఐ గుర్తున్నది తొమ్మిది వందలకు ఇచ్చారు.

సాయంత్రం చీర చూసి అత్త మురిసిపోయింది. హెల్మెట్ చూసి మాత్రం కొప్పు తడుముకుంది. ఆ పెద్ద కొప్పు మీద అది పట్టదు. పెళ్లయినప్పటి నుంచీ అదే కొప్పు. మామ బండి దిగాక కూడా నడుముకే ఉంచుకున్న రుమాలును చూపించి, పొద్దున మలుపు దగ్గర జరిగింది తనే చెప్పాడు. అత్త వింటూ వింటూ లేచి లోపలికి వెళ్లింది. కొప్పు విప్పి, జడ అల్లుకుని వచ్చింది. హెల్మెట్ పెట్టుకుని "ఎట్లుండాను?" అని అడిగింది. రాధ వెళ్లి వాళ్లమ్మను గట్టిగా వాటేసుకుంది.

మర్నాడు పొద్దున పసుపు చీరలో, కొంగు నడుములో దోపుకుని అత్త మామ వెనక కూర్చుంది. కణేకల్ దాకా రెండు గంటలకు పైగా పట్టే దారి. నేను ఎన్నో దారుల మీద తిరిగాను, చలానాలకు భయపడి హెల్మెట్ పెట్టుకునేవాళ్లను చాలామందిని చూశాను. భయంతో పెట్టుకున్నది మలుపు దాటగానే ఒళ్లోకి వచ్చేస్తుంది. వెనక కూర్చున్న మనిషి కోసం పెట్టుకున్నది ఇల్లు చేరేదాకా తల మీదే ఉంటుంది. ఈ ప్రయాణంలో నాకు దొరికింది అదే, చాలా సంతోషంగా దొరికింది.

మీరు ఇద్దరుగా బయలుదేరేటట్టయితే ఒక్క జాగ్రత్త. వెనక మనిషి హెల్మెట్ ముందు రోజే తలకు పెట్టి, పట్టీ బిగించి చూసుకోండి. రుమాలైతే నడుముకు, కొప్పయితే జడగా. ఆ రోజు మామ బండి స్టార్ట్ చేసి ముందుకు కదలబోతుంటే అత్త ఆయన భుజం మీద తట్టింది.

"ఆగు. నీది టిక్కుమన్లేదు."